అన్నమయ్య పాట సరే, ఆ ట్యూన్ ఎవరిది?

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. 'వినరో భాగ్యము విష్ణుకథ' పాట వినని వాళ్ళు మన తిరుపతిలో దాదాపు ఉండరు. గుడిలో వినుంటారు, పెళ్ళి మండపంలో వినుంటారు, ఎవరికో ఫోన్ చేస్తే కాలర్ ట్యూన్‌గా కూడా వినుంటారు. రాసింది ఎవరంటే చిన్న పిల్లోడు కూడా అన్నమయ్య అని చెప్తాడు. కరెక్టే. మరి ఆ ట్యూన్ ఎవరిది?

చాలామంది దానికి కూడా అన్నమయ్యే అంటారు. కాదండీ. ఆ ట్యూన్ కట్టిన మనిషి మొన్న 2025 మార్చి 9 దాకా మన మధ్యనే ఉన్నారు, చనిపోయింది కూడా మన తిరుపతిలోనే. ఆయన పేరు గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్. 600కు పైగా అన్నమయ్య కీర్తనలకు కొత్తగా స్వరాలు కట్టిన ఆయన గురించి, ఆయన కంటే ముందు ఈ పని చేసిన వాళ్ళ గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

అసలు కొత్త ట్యూన్ ఎందుకు కట్టాల్సి వచ్చింది? పాత ట్యూన్ ఏమైంది? ముందు అది తెలియాలి.

అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ఊరు రాజంపేట దగ్గర తాళ్ళపాక. ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పారని మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది. కొడుకు పెద తిరుమలాచార్యుడు వాటిని రాగి రేకుల మీద చెక్కించాడు. ఆ రేకులను తిరుమల గుడి లోపల, హుండీకి ఎదురుగా ఒక చిన్న రాతి గదిలో దాచారు. తర్వాత కాలంలో వాటి సంగతి జనం మర్చిపోయారు. మళ్ళీ అవి వెలుగులోకి వచ్చింది 1922లో. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి, వేటూరి ప్రభాకర శాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ లాంటి పండితులు కూర్చుని ఆ రేకుల్ని చదివి, పుస్తకాలుగా తెచ్చారు. మనకు దొరికినవి సుమారు 12 నుంచి 14 వేలు. మిగతావి పోయాయి.

ఇప్పుడు అసలు విషయం. కీర్తనల రేకు మీద సాహిత్యం ఉంటుంది, పైన రాగం పేరు ఉంటుంది. అంతే. స్వరాలు ఉండవు. ఈ మాట ఏ స్వరం మీద మొదలవ్వాలి, ఎక్కడ పైకి వెళ్ళాలి, ఎక్కడ సాగదీయాలి, ఏమీ లేదు. మీ ఫోన్‌లో పాట డిలీట్ అయిపోయి లిరిక్స్ స్క్రీన్‌షాట్ ఒక్కటే మిగిలిందనుకోండి, అట్లా.

రాగం పేరు ఉంది కదా, దాన్ని పట్టుకుని పాడేయొచ్చు కదా అనిపిస్తుంది. అది కూడా అంత సులభం కాదు. రేకుల మీద ఉన్న కొన్ని రాగాలు ఇప్పుడు కచేరీల్లో వినిపించవు. కొండమలహరి, అమరసింధు, అబాలి లాంటి పేర్లు మీలో సంగీతం నేర్చుకునేవాళ్ళు కూడా ఎప్పుడూ విని ఉండరు. పేరు మిగిలిన రాగాలు కూడా 500 ఏళ్ళలో ఆకారం మార్చుకున్నాయి. ఒకే పేరు, వేరే రూపం. పైగా రాగం తెలిసినా ట్యూన్ తెలిసినట్టు కాదు, ఒకే రాగంలో వంద ట్యూన్లు కట్టొచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఫ్రాన్స్ వెళ్ళొద్దాం. సంబంధం ఏంటో చెప్తాను. మార్క్ కోలాన్ అని ఒక ఫ్రెంచ్ సంగీతకారుడు, ఒలివియే లిబో అనే ఇంకొకాయనతో కలిసి 2004లో నువెల్ వాగ్ పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. జాయ్ డివిజన్, ద క్లాష్ లాంటి ఇంగ్లిష్ రాక్, పంక్ బ్యాండ్ల పాటలు తీసుకుని, వాటిని బ్రెజిల్ వాళ్ళ బోసా నోవా పద్ధతిలో మెత్తగా పాడించాడు. పేరులో కూడా సరదా ఉంది: ఫ్రెంచ్‌లో నువెల్ వాగ్ అన్నా, ఇంగ్లిష్‌లో న్యూ వేవ్ అన్నా కొత్త అల, పోర్చుగీసులో బోసా నోవా అన్నా కొత్త పోకడ. అన్నిటికంటే నాకు నచ్చింది ఆయన పెట్టుకున్న రూల్. పాడే అమ్మాయికి ఆ ఒరిజినల్ పాట తెలిసి ఉండకూడదు. తెలిస్తే పాత గొంతునే అనుకరిస్తుందని భయం. తెలియకపోతే ఆ మాటల్ని కొత్తగా చదివి, కొత్తగా పాడుతుంది.

కోలాన్ కావాలని తెచ్చుకున్న పరిస్థితి, మన తిరుపతి సంగీతకారులకు వద్దన్నా వచ్చి పడింది. ఒరిజినల్ ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. తేడా ఒక్కటే. కోలాన్ వెర్షన్ నచ్చకపోతే జాయ్ డివిజన్ పాట ఫోన్‌లో పెట్టుకుని వినొచ్చు. మన దగ్గర ఆ ఆప్షన్ లేదు. అందుకే ఇక్కడ కవర్ వెర్షనే జనం చెవుల్లో ఒరిజినల్ అయిపోయింది.

ఈ పనిని గట్టిగా మొదలుపెట్టిన వాళ్ళలో రాళ్ళపల్లి వారు ముఖ్యులు. మన రాయలసీమ మనిషే, అనంతపురం జిల్లా రాళ్ళపల్లి ఊరు. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు, సంగీతం కూడా అంతే లోతుగా తెలుసు. 1950లో వేటూరి వారు పోయాక ఈ రేకుల పరిష్కారం ఆయన చేతికి వచ్చింది. మాటల్ని సరిచూసిన మనిషే వాటికి స్వరం కూడా కట్టడం అరుదు. ఆకాశవాణిలో బాలమురళీకృష్ణ గారు కూడా ఈ దారిలో పనిచేశారు.

1978లో పెద్ద మలుపు వచ్చింది. టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు మొదలైంది. అప్పటి ఈవో పీవీఆర్కే ప్రసాద్ గారి హయాంలోనే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారితో బాలాజీ పంచరత్నమాల రికార్డులు చేయించారు. పూర్ణకుంభం సర్కిల్‌లో తంబురా పట్టుకున్న విగ్రహం రోజూ చూస్తారు కదా, ఆవిడే. 'నానాటి బతుకు నాటకము' రేవతి రాగంలో దేశమంతా తెలిసింది ఆ రికార్డుల వల్లే. ఆ ట్యూన్ కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. ఎం.ఎస్. గొంతు అందరికీ తెలుసు, నేదునూరి పేరు సంగీతం వాళ్ళకే తెలుసు. ఆ ట్యూన్ లేకుండా ఆ పాటను ఒకసారి ఊహించుకోండి, కుదరదు.

ఆ నేదునూరి దగ్గర నేర్చుకున్న శిష్యుడే మన బాలకృష్ణ ప్రసాద్. 1948లో రాజమండ్రిలో పుట్టారు. 1978లో ప్రాజెక్టులో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. గోదావరి మనిషి తిరుపతి మనిషి అయిపోయారు.

ట్యూన్ కట్టడం అంటే ఏం చేస్తారో కాస్త వివరంగా చూద్దాం. అన్నమయ్య పాటలో సాధారణంగా ఒక పల్లవి, మూడు చరణాలు ఉంటాయి. ఆ లైన్లను చేత్తో తొడ మీద తాళం వేస్తూ మామూలుగా చదవండి, మూడు మూడుగానో నాలుగు నాలుగుగానో ఒక నడక తగులుతుంది. అంటే తాళం కొంతవరకు మాటల్లోనే దాగుంది. ఆ నడక పట్టుకున్నాక మిగతావన్నీ కట్టేవాళ్ళ నిర్ణయాలే. ఏ రాగం? ఎంత స్పీడు? ఏ మాట దగ్గర ఆగాలి? మూడు చరణాలకూ ఒకే మెట్టా, వేరు వేరా? ఒక మాటను రెండుసార్లు అంటే దాని అర్థం బరువెక్కుతుంది. తప్పు చోట ఆగితే అర్థమే విరిగిపోతుంది.

నేదునూరి ట్యూన్లు కచేరీ కోసం కట్టినట్టు ఉంటాయి. విద్వాంసుడు కూర్చుని రాగం విప్పుకుంటూ పోవడానికి చోటు ఉంటుంది. బాలకృష్ణ ప్రసాద్ గారి ట్యూన్లలో ఎక్కువ భాగం పదిమంది కలిసి పాడేవి. 'వినరో భాగ్యము' ఒకసారి వింటే రెండోసారికి మీరే గొంతు కలుపుతారు. 'జగడపు చనువుల జాజర' తీసుకోండి. జాజర అంటే వసంతంలో రంగులు చల్లుకునే ఆట. ఆ పాటకు ఆయన జానపదం ఊపు ఇచ్చారు, కాళ్ళు ఊరుకోవు. అందుకే డాన్స్ స్కూళ్ళ పిల్లలు దాన్ని వదలరు. 'పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు' మన పెళ్ళిళ్ళలో తలంబ్రాల టైమ్‌కు నేరుగా వెళ్ళి కూర్చుంది. ఐదు వందల ఏళ్ళ పాట పెళ్ళి వీడియోలో మ్యాచ్ అయిందంటే ట్యూన్ చేసిన పని చిన్నది కాదు.

దీని మీద అభ్యంతరం కూడా ఉంది, అది దాచిపెట్టకూడదు. రేకు మీద ఉన్న రాగాన్ని మార్చే హక్కు మీకెవరిచ్చారని కొందరు పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్నమయ్య స్వయంగా పెట్టిన రాగం కనిపిస్తుంటే కనీసం ప్రయత్నించాలి కదా. నా మటుకు నేను, రేకు రాగంలో ఒక ట్యూన్, కొత్త రాగంలో ఇంకో ట్యూన్ రెండూ ఉండాలంటాను. కానీ ఏది పాడినా అది ఇప్పటి మనిషి కట్టిందేనన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు.

ఇదే దారిలో మన అప్పటి చిత్తూరు జిల్లా వాయల్పాడులో పుట్టిన శోభారాజు గారు 1983లో హైదరాబాద్‌లో అన్నమాచార్య భావనా వాహిని పెట్టి ఎంతోమందికి నేర్పారు. 1997లో అన్నమయ్య సినిమా వచ్చింది. కీరవాణి గారికి జాతీయ అవార్డు తెచ్చింది. ఆ సినిమా తర్వాత మీ అమ్మానాన్నల తరానికి అన్నమయ్య అంటే నాగార్జున ముఖం, ఎస్పీ బాలు గొంతు. ఇప్పుడు మీ టైమ్, గిటార్, డ్రమ్స్, లో-ఫై.

మీలో రీల్స్ చేసేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. అన్నమయ్య మాటలకు కాపీరైట్ లేదు, ఎవరైనా పాడొచ్చు. ట్యూన్ వేరు. మన 1957 కాపీరైట్ చట్టం మామూలు లెక్క ప్రకారం సంగీతం కట్టిన వ్యక్తి పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఆ లెక్కన 1979లో పోయిన రాళ్ళపల్లి వారి ట్యూన్లకు 2039 దాకా, బాలకృష్ణ ప్రసాద్ గారి ట్యూన్లకు 2085 దాకా. ఉద్యోగంలో భాగంగా చేసిన పని అయితే హక్కు సంస్థకు ఉండొచ్చు, అది వేరే లెక్క. కానీ ఇది నేను కట్టింది అని చెప్పుకునే హక్కు, సెక్షన్ 57 ప్రకారం, మిగతా హక్కులు ఎవరికి పోయినా కట్టినవాళ్ళ దగ్గరే ఉంటుంది. మరి యూట్యూబ్‌లో ఈ పాటల కింద డిస్క్రిప్షన్ తెరిచి చూడండి. సాహిత్యం: అన్నమాచార్య, సంగీతం: ట్రెడిషనల్. ఆ ట్రెడిషనల్ అనే మాట కింద ఒక మనిషి ముప్ఫై ఏళ్ళ పని మాయమైపోతోంది. ఆయన పెన్షన్ తీసుకుంటూ, మన వీధుల్లో నడుస్తూ ఉన్న రోజుల్లో కూడా అట్లానే రాశారు.

ఇంకో లెక్క కూడా ఉంది. 600 పాటలంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ దొరికిన 12 వేల పక్కన పెడితే ఐదు శాతం. మనం ఫోన్లలో తిప్పి తిప్పి వినేది అందులోనూ ఓ యాభై పాటలు. అలమేలుమంగ మాట్లాడుతున్నట్టు రాసిన శృంగార కీర్తనలు వేలల్లో ఉన్నాయి, అలకలు, ఎత్తిపొడుపులు, అచ్చం ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. వాటిలో చాలావాటికి ఇంకా గొంతు దొరకలేదు. పుస్తకాల్లో ఉన్నాయి, టీటీడీ వేసింది. సంగీతం తెలిసిన వాళ్ళకు పని కావాలంటే అక్కడుంది.

సంగీతం రాని వాళ్ళకు ఒక పని చెప్పి ముగిస్తాను. 'జో అచ్యుతానంద' జోలపాట మీ ఇంట్లో అవ్వో జేజో పాడే ఉంటుంది. ఆమె పాడే ట్యూన్ ఏ సంగీత విద్వాంసుడు కట్టిందీ కాదు, వాళ్ళమ్మ దగ్గర విని నేర్చుకున్నది. ఊరు మారితే కొంచెం మారుతుంది. ఫోన్ తీసి రికార్డ్ చేయండి, ఫైల్ పేరులో ఆమె పేరు, ఊరి పేరు, తేదీ పెట్టండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.