పలెంకె జనం 'చెడిన' భాష

కొలంబియా కరీబియన్ తీరంలోని కార్తహేనా రేవు వలసపాలన కాలంలో స్పానిష్ అమెరికాలోకెల్లా పెద్ద బానిస సంతల్లో ఒకటి. ఆఫ్రికా నుంచి సంకెళ్ళతో దింపిన మనుషులు అక్కడ అమ్ముడుపోయి గనులకూ, పొలాలకూ, పశువుల మందలకూ చేరారు. పారిపోయినవాళ్ళు చిత్తడి నేలల్లో, అడవుల్లో కర్రల కంచెలు కట్టుకుని ఊళ్ళు నిలిపారు. ఆ కంచె పేరే ఊరి పేరయింది: పలెంకె. ఈ తిరుగుబాట్ల నాయకుడు బెంకోస్ బియోహోతో పాలకులు మొదట సంధి చేసుకున్నారు. 1621లో ఆయన్నే పట్టి చంపారు.

కార్తహేనాకు సుమారు యాభై కిలోమీటర్ల దూరాన ఉన్న సాన్ బసీలియో దె పలెంకె ప్రజలు బియోహోనే తమ మూలపురుషుడని చెప్పుకుంటారు. 18వ శతాబ్ది ఆరంభంలో వలసప్రభుత్వం ఆ ఊరి స్వేచ్ఛను గుర్తించింది, కాని కొత్తగా పారిపోయి వచ్చేవారికి ఆశ్రయమివ్వరాదని షరతు పెట్టింది. వీరగాథలు రాసేవారు ఈ షరతును దాటవేస్తారు. దాటవేస్తే ఆ స్వేచ్ఛకు చెల్లించిన మూల్యం మనకు తెలియదు. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1852 జనవరి 1న. నష్టపరిహారం మాత్రం యజమానులకే ముట్టింది.

రచయితలమైన మనం గమనించవలసింది ఆ ఊరి భాష. మాటలు ఎక్కువభాగం స్పానిష్‌వే, నడక మాత్రం వేరు. బహువచనం తెలిపే 'మా' నామవాచకానికి ముందు నిలుస్తుంది. 'కాదు', 'లేదు' అని చెప్పే 'ను' సాధారణంగా వాక్యం చివర వస్తుంది. బిడ్డను 'మొనా' అంటారు. అది కాంగో ప్రాంతపు బంటూ భాషల మాట. నగరవాసులు దీన్ని చెడిన స్పానిష్ అన్నారు. ఇన్ని నియమాలున్నది చెడిన భాష ఎలా అవుతుంది? ఇది క్రియోల్ భాష అని 1970లో బికర్టన్, ఎస్కలాంతె ఒక వ్యాసంలో నిరూపించారు.

అయితే పండితుల నిరూపణతో అవమానం తీరలేదు. పండ్ల తట్టలు తలనెత్తుకుని కార్తహేనా వీధుల్లో అమ్మే పలెంకె స్త్రీలు నగరానికి చూడముచ్చటైన బొమ్మలయ్యారు, వారి మాట మాత్రం నవ్వులాటయింది. ఆ నవ్వుకు జంకి తల్లిదండ్రులు పిల్లలతో స్పానిష్‌లోనే మాట్లాడసాగారు. 1980ల చివర స్థానిక ఉపాధ్యాయులు ఆ భాషను బడిలోకి తెచ్చారు. 1993 నాటి 70వ చట్టం నల్లజాతి సమాజాల సామూహిక భూమిహక్కును, సాంస్కృతిక హక్కులను గుర్తించింది. 2005లో యునెస్కో పలెంకె సంస్కృతిని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది.

బిరుదుల కన్నా ముందు ఈ భాషను కాపాడినవి చావుపాటలు. ఎవరైనా పోతే తొమ్మిది రాత్రులు జాగారం చేస్తారు. పెద్దవయసు స్త్రీలు శవం చుట్టూ చేరి డోలు మోతకు 'లుంబాలూ' పాడతారు. రోజువారీ మాటల్లో వినబడని పదాలు కొన్ని ఆ పాటల్లోనే మిగిలాయి.