సూర్యుడి వెంట తిరిగిన గది

లండన్‌కు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఏయట్ సెయింట్ లారెన్స్ అనే చిన్న పల్లెటూరు ఉంది. ప్రసిద్ధ నాటక రచయిత జార్జ్ బెర్నార్డ్ షా 1906 నుంచి 1950లో చనిపోయే దాకా ఆ ఊళ్ళోనే ఒక ఇంట్లో ఉన్నారు. 1925వ సంవత్సరపు సాహిత్య నోబెల్ బహుమతి పొందిన మనిషి కదా! చూడవచ్చేవాళ్ళకు కొదవేముంటుంది? అలా వచ్చినవాళ్ళకు ఇంట్లోవాళ్ళు ఆయన లండన్‌లో ఉన్నారని చెప్పి పంపేవారట. అందులో అబద్ధం లేదు. ఎందుకంటే, పెరటి చివర ఉన్న చిన్న చెక్క గదికి షా పెట్టుకున్న పేరే 'లండన్'. ఆ సమయంలో ఆయన అందులో కూర్చుని రాసుకుంటూ ఉండేవారన్నమాట.

ఆ గది నేటికీ ఉంది. పొడవు 8 అడుగులు, వెడల్పు 8 అడుగులు. అంటే 64 చదరపు అడుగులు. రెండు నులకమంచాలు వేస్తే నిండిపోతుంది. అంత చిన్న గదిలోనే ఒక బల్ల, కుర్చీ, టైపు మిషను, నడుం వాల్చడానికి పడక, చలికి విద్యుత్ హీటరు, అవసరమైతే ఇంటితో మాట్లాడటానికి టెలిఫోను అమర్చుకున్నారు. ఇవేవీ వింత కాదు. అసలు వింత గది అడుగున ఉంది. అది గుండ్రంగా తిరిగే పీఠం మీద కట్టిన గది. భుజం ఆనించి తోస్తే గది మొత్తం తిరుగుతుంది! క్షయ రోగులకు ఎండ, గాలి బాగా తగలాలని ఇలాంటి తిరిగే గదులను ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆసుపత్రి తోటల్లో కూడా కట్టేవారు.

గదిని ఎందుకు తిప్పాలి? ఎండ కోసం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది గనుక సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్లు కనిపిస్తాడు. పొద్దున్న కిటికీకి ఎదురుగా ఉన్న సూర్యుడు మధ్యాహ్నానికి పక్క గోడ మీదికి వెళ్ళిపోతాడు. మరి షా గంట గంటకూ కలం కింద పెట్టి గదిని తోయవలసిందేనా? అక్కరలేదు. ఎండ కిటికీకి సరిగ్గా ఎదురుగా పడినప్పుడు లోపలికి వచ్చేది 100 పాళ్ళు అనుకోండి. సూర్యుడు 30 డిగ్రీలు పక్కకు జరిగినా ఇంకా 87 పాళ్ళు వస్తుంది. 60 డిగ్రీలు జరిగితేనే సగానికి తగ్గుతుంది. (పదో తరగతి వాళ్ళు కొసైన్ పట్టిక తీసి సరిచూడండి.) కాబట్టి రెండు మూడు గంటలకు ఒకసారి తోస్తే చాలు. బద్ధకస్థులకు త్రికోణమితి చేసే మేలు చిన్నది కాదు!

ఇంగ్లండులో ఎండకు అంత కరువు ఎందుకో కూడా లెక్క వేయవచ్చు. షా ఊరు దాదాపు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22న అక్కడ నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెట్ల కొమ్మల మధ్యనుంచి తొంగి చూసి వెళ్ళిపోతాడన్నమాట. ఆ రోజు పగలు 8 గంటలైనా ఉండదు. అలాంటి చోట ఎండ వెంట గదిని తిప్పుకున్న మనిషి తెలివైనవాడే.

మరి మన దగ్గర?

2020లో కరోనా వచ్చి కార్యాలయాలు మూతపడినప్పుడు ఎంతోమంది ఇంటి నుంచే పని చేయవలసివచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాన్నగారు పడకగదిలో ఫోనులో మాట్లాడుతుంటే, అమ్మ భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంకో సమావేశంలో ఉంటే, మీరు సెల్‌ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చుని పాఠం విన్నారు కదూ? అప్పటి నుంచి స్థలమున్నవాళ్ళు పెరట్లోనో, డాబా మీదనో ఒక చిన్న పని గది వేసుకోవాలనుకోవడం ఎక్కువైంది. మంచి ఆలోచనే. కాని మన సూర్యుడు షా గారి సూర్యుడు కాడు.

హైదరాబాదును తీసుకోండి. అది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22న కూడా అక్కడ మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు నిలువుగా పాతిన కర్రకు మధ్యాహ్నం నీడే ఉండదు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపున ఉంటాడని మీరెప్పుడైనా గమనించారా? అలాంటి సూర్యుడికి గదిని ఎటు తిప్పితే ఏం లాభం! ఆయన చూసేది గోడను కాదు, కప్పును.

ఈ సంగతి నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు, మాడి తెలుసుకున్నాను. కొన్నేళ్ళ కిందట మా పెరట్లో ఇనుప రేకుల కప్పుతో ఒక గది వేయించుకున్నాను. గోడలకు లేత రంగు, కిటికీకి పూల తెర, మూలన బల్ల. చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. ఏప్రిల్ వచ్చింది. పొద్దున 11 దాటితే అందులో కూర్చోవడం నా వల్ల కాలేదు. పెద్ద పంకా కొని బిగించాను. అది కప్పు కింద చేరిన వేడి గాలిని తీసుకువచ్చి నా నెత్తినే పోసింది. తప్పు మేస్త్రీది కాదు, నాదే. గది ఎలా కనిపించాలో చెప్పాను గాని, అందులో వేడి ఎటునుంచి వస్తుందో ఆలోచించలేదు.

ఎండలో రేకు ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటడం వింత కాదు. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీలు. వేడి వస్తువు తన వేడిని పరారుణ కిరణాల రూపంలో చల్లని వస్తువు మీదికి పంపుతుంది. దీన్నే ఉష్ణ వికిరణం అంటారు. రేకుల గదిలో కూర్చున్నామంటే మన నెత్తి మీద నిప్పులేని కుంపటి వెలుగుతున్నట్లే. గాలి విసురుకుంటే ఈ వికిరణం ఆగదు. దానికి అడ్డం పెట్టాలి.

నేను తరువాత చేసింది ఇది. రేకు పైన తెల్ల సున్నం రెండు పూతలు వేయించాను. తెలుపు ఎండలో చాలా భాగాన్ని తిప్పి కొడుతుంది. (తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ఒకటి ప్రకటించింది. దాని వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.) రేకు కింద ఒక అడుగు దిగువన ఈత చాపలతో లోకప్పు కట్టించాను. రేకు నుంచి వచ్చే కిరణాలు ఇప్పుడు చాప మీద పడతాయి, నా మీద కాదు. రేకుకు, చాపకు మధ్య చిక్కిన గాలి వేడెక్కుతుంది కదా, అది పోవడానికి రెండు చివర్లా గోడ పైభాగంలో జాలీలు పెట్టించాను. ఈ జాలీలు లేకపోతే చాప కట్టి సగం ప్రయోజనమే. మే నెలలో ఆ గది చల్లగా ఉంటుందని చెప్పను. కాని మధ్యాహ్నం కూర్చుని ఈ వ్యాసం రాయగలిగేంతగా ఉంటుంది.

రోల్డ్ డాల్ పేరు విన్నారా? పిల్లలకు ఎన్నో కథలు రాసిన ఆయన కూడా ఇంగ్లండులో తన తోటలో ఒక చిన్న గదిలో కూర్చునే రాసేవారు. గోడలకు లోపలివైపు పాలిస్టరీన్ పలకలు అతికించుకున్నారు. మన థర్మకోలు అదే. దానిలోని సన్నని బుడగల్లో గాలి కదలకుండా చిక్కుకుని ఉంటుంది. కదలని గాలి మంచి ఉష్ణబంధకం. ఆయన దాన్ని వాడింది వేడి బయటికి పోకుండా. మనం వాడవలసింది వేడి లోపలికి రాకుండా. అయితే థర్మకోలుకు నిప్పంటుకుంటే క్షణాల్లో వ్యాపిస్తుంది. అందుకే నేను చాపలకే ఓటు వేస్తాను. అవీ కాలేవే గనుక దీపాన్ని, కరెంటు తీగలను దూరంగా ఉంచాలి.

కిటికీ ఎటు?

దక్షిణపు కిటికీకి భయపడనక్కరలేదు. కిటికీ ఎత్తు 4 అడుగులు, దాని పైఅంచున అడుగున్నర ముందుకు వచ్చిన సన్‌షేడు ఉందనుకోండి. మార్చి 21న హైదరాబాదులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 72.6 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు సన్‌షేడు నీడ గోడ మీద ఎంత దిగువకు పడుతుంది? 1.5ను 72.6 డిగ్రీల టాంజెంటుతో గుణించండి. దాదాపు 4.8 అడుగులు. కిటికీ మొత్తం నీడలో ఉంటుంది! డిసెంబరులో అదే నీడ 1.7 అడుగులకే ఆగుతుంది. కిటికీ కింది సగంలోంచి చలికాలపు ఎండ మీ కాళ్ళ మీదికి వస్తుంది. మీటలు లేవు, మోటార్లు లేవు, గదిని తోయడం లేదు. ఒక చిన్న పలక ఏడాది పొడవునా ఎండను లెక్కచూసి లోపలికి పంపుతోంది.

పడమటి కిటికీ దగ్గర మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. సాయంత్రం 4 గంటల సూర్యుడు కిందికి దిగి, సన్‌షేడు కింద నుంచే దూరి వస్తాడు. అటు కిటికీ పెట్టకపోవడమే మంచిది. గోడనైనా కాపాడాలంటే ముందొక పందిరి వేసి తీగ పాకించండి. చిక్కుడు పాదు చాలామందికి ఇష్టమే గాని, అది చలికాలంలో కాసి, మనకు నీడ కావలసిన వేళకు ఎండిపోతుంది. ఎండాకాలానికి బీర, సొర, కాకర నయం. నీడతోపాటు ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి గనుక అటునుంచి వచ్చే గాలి వేడి కొంత తగ్గుతుంది. కూర కూడా వస్తుందనుకోండి!

వట్టివేళ్ళ తడకల రహస్యం కూడా ఆవిరే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. 58 లీటర్ల నీళ్ళను 10 డిగ్రీలు వేడెక్కించేంత వేడి అది. దానిని గాలి నుంచే లాక్కుంటుంది. అనంతపురం పొడిగాలిలో తడక బాగా పనిచేస్తుంది. విశాఖపట్నంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది గనుక నీరు అంత త్వరగా ఆవిరి కాదు. అక్కడ తడక కంటే ఎదురెదురు కిటికీలు మేలు.

ఎదురెదురు కిటికీలంటే అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ గుర్తుకు వస్తారు. 1874లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా దగ్గర ఆయన భార్య అక్కగారు తన పొలంలో ఆయనకోసం ఎనిమిది ముఖాల చిన్న గది కట్టించి ఇచ్చారు. 'టామ్ సాయర్', 'హకిల్‌బెరి ఫిన్' నవలల్లో చాలా భాగం ఆయన అక్కడే రాశారు. చుట్టూ కిటికీలే. వేసవిలో అన్నీ తెరిచి, కాగితాలు ఎగిరిపోకుండా ఇటుక ముక్కలు బరువు పెట్టేవారట. గాలికి లోపలికి వచ్చే దారి ఒకటే ఉంటే చాలదు, బయటికి పోయే దారి కూడా ఉంటేనే అది కదులుతుంది.

ఇక లోపలి అలంకరణ. బల్లను కిటికీకి ఎదురుగా వేస్తే కళ్ళు జిగేలుమంటాయి. కిటికీ వీపు వెనుక ఉంటే ల్యాప్‌టాప్ తెర మీద దాని ప్రతిబింబం కనిపిస్తుంది. అందుకని కిటికీ పక్కన ఉండాలి. కుడిచేత్తో రాసేవారికి ఎడమవైపున ఉంటే చేతి నీడ అక్షరాల మీద పడదు. ఎడమచేతివారికి కుడివైపున. లోకప్పు, కిటికీకి ఎదుటి గోడ తెల్లగా ఉంచండి. మంచి తెలుపు తన మీద పడ్డ వెలుగులో ఐదింట నాలుగు వంతులు తిరిగి ఇస్తుంది. ముదురు నీలమో, గోధుమ రంగో వేశారంటే పట్టపగలే దీపం వేసుకోవాలి. అందం కావాలంటే ముదురు రంగును తలుపుకు వేయండి. నేలకు కడప బండలో, షాబాదు బండలో చక్కగా ఉంటాయి. డాల్ తన గదిలో చాక్లెట్లకు చుట్టి వచ్చే వెండి కాగితాలతో చేసిన బంతిని, శస్త్రచికిత్సలో తీసేసిన తన తుంటి ఎముకను కూడా దాచుకున్నారు! మీరు ఏం దాచుకుంటారో మీ ఇష్టం, కిటికీని మాత్రం మూయకండి. డాల్ తెరలు దించుకుని రాసేవారు. అది నాకు నచ్చని సంగతి.

చేసి చూడండి

ఇంట్లో ఇలాంటి గది మాట వస్తే, ఇటుకలు రాకముందే మీరు చేయగల పని ఒకటుంది. 8 అంగుళాల అట్టపెట్టె తీసుకోండి. అంగుళం అంటే అడుగు అనుకోండి. ఒక ముఖాన 4 అంగుళాల ఎత్తున కిటికీ కోసి, అంగుళంన్నర అట్టముక్కను సన్‌షేడుగా అతికించండి. గది వచ్చే చోటనే పెట్టి, కిటికీ దక్షిణానికి, తరువాత పడమటికి తిప్పి, 10, 12, 4 గంటలకు లోపల ఎండ ఎక్కడ పడుతోందో పెన్సిలుతో గీయండి.

తరువాత ఒకే కొలత ఉన్న మూడు పెట్టెలకు రేకు ముక్కలు మూతలుగా పెట్టండి. మొదటి రేకును అలాగే వదిలేయండి. రెండోదానికి సున్నం వేయండి. మూడోదానికి సున్నం వేసి, కింద ఒక అంగుళం దిగువన అట్టముక్కతో లోకప్పు కట్టి, రెండు చివర్లా చిల్లులు పెట్టండి. మూడింట్లోను ఉష్ణమాపకాలు ఉంచి ఎండలో పెట్టండి. ప్రయోగశాల ఉష్ణమాపకాలు మాస్టారుగారిని అడిగి తీసుకోండి. జ్వరం చూసేది వాడితే పగిలిపోవచ్చు, అది 42 డిగ్రీల వరకే. మధ్యాహ్నం 2 గంటలకు మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి, మేస్త్రీ వచ్చిన రోజున ఆయన చేతిలో పెట్టండి.