రైలింజిన్ ఫొటోలు, రేపటి తుపాకీ బొమ్మలు: యంత్రం ఎలా ఆగుతుందో చూడండి

ఈ ఎపిసోడ్‌లో రెండు విషయాలు కలిపి మాట్లాడుకుందాం. ఒకటి, పట్టాల మీద పని చేస్తున్న రైలింజిన్లను ఫొటో తీయడం. రెండోది, సైన్స్ ఫిక్షన్ సినిమాలకీ గేములకీ పనికొచ్చే రేపటి తుపాకులను ఊహించి బొమ్మ గీయడం. నేను రెండూ చేస్తాను. "వీటికీ వాటికీ ఏం సంబంధం అండీ?" అని చాలామంది అడుగుతుంటారు. సంబంధం ఉంది. యంత్రం ఎలా పని చేస్తుందో దాని ఒంటి మీద కనిపిస్తుంది. ఎలా ఆగుతుందో కూడా కనిపిస్తుంది. ఆ రెండోది చూడటం వచ్చినవాళ్ల బొమ్మను జనం నమ్ముతారు. ఆ రెండోది అర్థమైన ఫొటోగ్రాఫర్ క్షేమంగా ఇంటికొస్తాడు.

ముందు ఇంజిన్ సంగతి చూద్దాం. విజయవాడ స్టేషన్లోనో కాజీపేటలోనో నిలబడితే ఇంజిన్ మీద డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 అని రాసి కనిపిస్తుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్. ఏ అంటే ఏసీ కరెంటుతో నడిచేది, డీ ఉంటే డీజిల్. పీ అంటే ప్యాసింజర్, జీ అంటే గూడ్స్. డబ్ల్యూఏజీ-9 బరువు సుమారు 123 టన్నులు, శక్తి ఆరు వేల హార్స్‌పవర్ పైనే. ఆరు ఇరుసులు, ఒక్కోదానికి ఒక్కో మోటారు. ఇదంతా పరిగెత్తించే లెక్క.

ఇప్పుడు ఆపే లెక్క చూడండి. చక్రాల పక్కన కిందికి దిగిన సన్నటి గొట్టాలు ఉంటాయి. అవి పట్టాల మీద ఇసుక చల్లడానికి. వానకు పట్టా తడిస్తే చక్రం జారుతుంది, ఇసుక పడితే పట్టు దొరుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ కావాలి, బ్రేకు వేసేటప్పుడూ కావాలి. ముందు భాగంలో పసుపు రంగు ఫ్లాషర్ లైటు ఒకటి ఉంటుంది. రైలు తెగిపోయినా, పట్టాలు తప్పినా అది వెలుగుతుంది. పక్క లైన్లో ఎదురొచ్చే బండి ఆగడానికి అదే సైగ. ఇక పైకప్పు మీద పాంటోగ్రాఫ్‌లు రెండు. సాధారణంగా వెనకదాన్నే లేపుతారు. ఎందుకో తెలుసా? ఒకవేళ అది విరిగితే ముక్కలు వెనక్కి పోతాయి, ముందున్న రెండోది చెడిపోకుండా మిగులుతుంది. చూశారా, విరిగినప్పుడు ఏం చేయాలో కూడా ముందే ఆలోచించి పెట్టారు.

దీన్ని బాగా చూడాలంటే కొత్తవలస - కిరండూల్ లైను మంచి పాఠం. బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్స్ బండ్లు అరకు మీదుగా విశాఖ వైపు ఘాట్ దిగుతాయి. రెండు మూడు ఇంజిన్లు కలిసి వస్తుంటాయి. ఎక్కడం కష్టమని మనం అనుకుంటాం గానీ, నిండు బరువుతో అదుపు తప్పకుండా దిగడం అంతకన్నా కష్టం. దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం తగ్గిస్తారు. డబ్ల్యూఏజీ-9 లాంటి ఇంజిన్ అయితే ఆ కరెంటును తిరిగి పై తీగలోకి పంపేస్తుంది. పాత తరహా డీజిల్ ఇంజిన్లయితే దాన్ని రెసిస్టర్లలో వేడిగా వదిలేస్తాయి, ఆ వేడిని బయటికి నెట్టడానికి జాలీలు, ఫ్యాన్లు కావాలి. అంటే ఇంజిన్ మీద కనిపించే జాలీ అందానికి పెట్టింది కాదన్నమాట. అందుకే నేను ఇంజిన్ ముఖం ఒక్కటే తీసి ఊరుకోను. బోగీల మీద పేరుకున్న గోధుమరంగు బ్రేకు ధూళి, పట్టుకుని పట్టుకుని రంగు పోయిన చేతికమ్మీ, జాలీ చుట్టూ ఉన్న మసి, ఇవన్నీ దగ్గరగా తీసుకుంటాను. బొమ్మ గీసేటప్పుడు అవే నా నోట్సు.

ఇక తుపాకీ బొమ్మల దగ్గరికొద్దాం. కుర్రాళ్లు పంపే డిజైన్లు చూస్తుంటాను. నీలం లైట్లు, కోణాలు, పొడవాటి గొట్టం, అన్నీ బాగుంటాయి. సేఫ్టీ ఎక్కడుంది అంటే ఉండదు. వేడి ఎటు పోతుంది అంటే తెలియదు. అలాంటి బొమ్మ చూడగానే ప్లాస్టిక్ ఆటబొమ్మలా అనిపిస్తుంది.

1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా తీసుకోండి. అందులో తెల్ల కవచాల సైనికుల చేతిలోని ఆయుధం బ్రిటిష్ స్టెర్లింగ్ సబ్‌మెషీన్ గన్ మీద కట్టింది. దాని గొట్టం చుట్టూ కనిపించే చిల్లులు వేడి పోవడానికి అసలు తుపాకీకి పెట్టినవే. హాన్ సోలో పిస్తోలు జర్మనీ మౌజర్ సీ96 నుంచి వచ్చింది. ల్యూక్ లైట్‌సేబర్ పిడి అయితే పాత గ్రాఫ్లెక్స్ ప్రెస్ కెమెరా ఫ్లాష్ పిడి! 1986 నాటి ఏలియన్స్ సినిమాలోని పల్స్ రైఫిల్ లోపల ఉన్నది థాంప్సన్ తుపాకీ. బయట ఎన్ని గుళ్లు మిగిలాయో చూపించే ఎర్ర అంకెలు పెట్టారు. ఇవన్నీ ఇన్నేళ్లయినా నమ్మబుద్ధి అవుతున్నాయంటే, నిజంగా పనిచేసిన వస్తువుల ఆనవాళ్లు వాటిలో ఉండబట్టే.

కాబట్టి కొత్త తుపాకీ గీసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పుట్టిన వేడి ఎటు పోతుంది, అది చేతికి తగలకుండా ఉందా? చేతికి గ్లవ్స్ ఉన్నా బొటనవేలికి సేఫ్టీ అందుతుందా? ఇది పేలడానికి సిద్ధంగా ఉందో లేదో పక్కనున్న మనిషికి ఎలా తెలుస్తుంది? చెడిపోతే ఏ మూత విప్పి బాగుచేస్తారు? ఈ నాలుగింటిలో మూడు, ఆపడం గురించో కాపాడటం గురించో వేసేవే. ఇంజిన్ చూసి నేర్చుకోవాల్సింది అదే. ఇదంతా కాగితం మీదా, కంప్యూటర్లోనూ చేసే పని మాత్రమే అండీ, అక్కడితోనే ఆపాలి.

చివరిగా ముఖ్యమైన మాట. ఫొటో కోసం పట్టాల మీదికి దిగొద్దు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది. పక్కకు తప్పుకోవడం దాని చేతిలో లేదు. లోకో పైలట్ మిమ్మల్ని చూస్తాడు, హారన్ కొడతాడు, బ్రేకు వేస్తాడు. అంతకుమించి ఏమీ చేయలేడు. ఆ తర్వాత ఆ దృశ్యాన్ని జీవితాంతం మోయాల్సింది ఆయనే. పైగా ఎలక్ట్రిక్ ఇంజిన్ ఎదురుగా వస్తుంటే చప్పుడు చాలా తక్కువ. వ్యాగన్ పైకి ఎక్కడమైతే అసలు వద్దు. పై తీగలో 25,000 వోల్టులు ఉంటాయి, ముట్టుకోకపోయినా దగ్గరికెళితే చాలు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీద తిరిగితే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మరి ఎక్కడ నిలబడాలి? ప్లాట్‌ఫారం టికెట్ కొని పసుపు గీత వెనక నిలబడండి. రోడ్డు ఓవర్‌బ్రిడ్జి ఫుట్‌పాత్ ఇంకా మంచిది. 70-200 లెన్సు ఉంటే దూరం నుంచే పని జరుగుతుంది. ఎండ మీ వెనక ఉండేలా చూసుకోండి. వేగంగా వచ్చే బండికి షట్టర్ సెకనులో వెయ్యో వంతు పెట్టండి. కెమెరాను బండితోపాటు తిప్పుతూ తీస్తే అరవయ్యో వంతు సరిపోతుంది. ఫ్లాష్ మాత్రం వాడొద్దు, పైలట్ కళ్లలో పడుతుంది. సిబ్బంది వద్దంటే వాదించకుండా కెమెరా దించేయండి. షెడ్లలోకి అనుమతి లేకుండా వెళ్లొద్దు.

ఈ వారం ఒక పని చేయండి. ఆగి ఉన్న ఇంజిన్‌ను ప్లాట్‌ఫారం మీది నుంచి పది ఫొటోలు తీయండి. అందులో ఐదు, దాన్ని ఆపే భాగాలవే ఉండాలి. వాటిని ముందు పెట్టుకుని ఒక తుపాకీ గీయండి, సేఫ్టీతో మొదలుపెట్టి. తేడా మీకే తెలుస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.