సెల్‌ఫోను వర్తకము: పోటీకి కావలి యెవరు?

పోటీ యున్నచోట ప్రభుత్వపు అజమాయిషీ యెందులకని కొందఱు ప్రశ్నించుచున్నారు. పదిమంది వర్తకులున్న సంతలో ఈ ప్రశ్న సమంజసమే. ముగ్గురో నలుగురో మిగిలిన సంతలో దీనికి వేఱు సమాధానము చెప్పవలసియున్నది.

మన దేశమున సెల్‌ఫోను చరిత్ర 1995వ సంవత్సరము జూలై 31వ తేదీన, శ్రీ జ్యోతిబసుగారు కలకత్తానుండి ఢిల్లీలోని శ్రీ సుఖరాంగారితో మాటలాడుటతో ఆరంభమయ్యెను. తొలినాళ్లలో ఒక్కొక్క సర్కిలులో ఇద్దఱు ప్రైవేటు వర్తకులకు మించి లైసెన్సు లీయబడలేదు. వచ్చిన పిలుపునకు సైతము రుసుము చెల్లింపవలసి యుండెను. 1997లో ట్రాయ్ అను నియంత్రణ సంస్థ చట్టముచే నేర్పడెను. 1999వ సంవత్సరపు విధానముతో, నిర్ణీత లైసెన్సు రుసుమునకు బదులు రాబడిలో వాటా గైకొను పద్ధతి వచ్చెను. 2003లో వచ్చు పిలుపులకు రుసుము తొలగెను. 2011లో నంబరు మారకయే కంపెనీని మార్చుకొను హక్కు దేశమంతటను లభించెను. ఈ మేళ్లు పోటీ యొక్కదానివలననే కలిగినవి కావు. పోటీకి చట్టము బాట వేయుటవలన కలిగినవి.

బాట తప్పినచో నేమగునో 2012 ఫిబ్రవరి 2వ తేదీన తేటపడెను. కేటాయింపులు అక్రమములని సుప్రీంకోర్టు ఆనాడు 122 లైసెన్సులను రద్దు గావించెను. 2016లో జియో ప్రవేశించి ధరలను పడద్రోసెను. ప్రజలు లాభపడిరి, కాని పలు కంపెనీలు నిలువలేక తొలగెను, 2018లో వొడాఫోన్, ఐడియాలు ఏకమయ్యెను. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడును ఒకటి రెండు దినముల తేడాతో ఛార్జీలను హెచ్చించెను. ముగ్గురును ఒక్కమాఱే ధర పెంచినపుడు నంబరు మార్చుకొను హక్కువలన ప్రయోజనమేమి?

మాటలాడుటకే ఫోను నుంచుకొను రైతు, తాను వాడని ఇంటర్నెట్టునకు గూడ వెల యేల యీయవలెను? మాటలకు, సందేశములకు మాత్రమే వేఱు పథక ముండవలెనని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించుట హర్షణీయము. కాని దాని ధర కంపెనీల యిష్టమునకే విడువబడినది.

ఇంకొక చిక్కు కలదు. లైసెన్సు నిచ్చునది ప్రభుత్వమే, బి.ఎస్.ఎన్.ఎల్. యజమానియు ప్రభుత్వమే. 2025లో బకాయిలను వాటాలుగ మార్చుకొని వొడాఫోన్ ఐడియాలో సుమారు 49 శాతమునకు హక్కుదారయ్యెను. సంతలో తానును దుకాణము పెట్టినవాడు తూనికలను తనిఖీ చేయుట న్యాయముగ దోచదు. కావున నియంత్రణ సంస్థ స్వతంత్రముగ నుండుట అత్యావశ్యకము.

ఒక్కుమ్మడి హెచ్చింపులకు గల కారణములను ట్రాయ్ బహిరంగముగ విచారింపవలెను. బి.ఎస్.ఎన్.ఎల్. సేవను పల్లెపల్లెకు బలపఱచి, నిజమైన నాల్గవ పోటీదారుగ నిలుపవలెను. చౌకగ లభించినది శాశ్వతమని ప్రజలు ఏమఱియుండరాదని మా మనవి.