గ్యాస్ బిళ్ళ మానేటప్పుడు

మన ఇళ్ళలో కిటికీ గూట్లో గ్యాస్ బిళ్ళల అట్ట ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. పరగడుపున బిళ్ళ వేసుకొని ఆ తర్వాత టీ తాగడం చాలామందికి పళ్ళు తోముకోవడం వంటి అలవాటు. ఎవరు రాశారు, ఎన్నాళ్ళు వాడమన్నారు అని అడిగితే మాత్రం జవాబుండదు.

మా అమ్మగారి సంగతే చెబుతాము. మోకాళ్ళ నొప్పులకు బిళ్ళలు రాసిన డాక్టరుగారు, కడుపులో పుండు పడకుండా తోడుగా పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములది రాశారు. నొప్పి బిళ్ళలు మూడు నెలల్లో ఆగిపోయాయి. తోడు బిళ్ళ ఆరేళ్ళు సాగింది. ఒక ఏడు శ్రమకాలంలో ఆమె "దీన్ని కూడా విడిచిపెడతాను" అని ఒక్కసారిగా మానేశారు. నాలుగో రోజు రాత్రి గుండెల్లో మంట, పుల్లని తేనుపులు, గొంతుదాకా చేదు నీళ్ళు. పడుకోలేక అరుగు మీద కూర్చున్నారు. మళ్ళీ బిళ్ళ మొదలుపెట్టాక తగ్గింది. "చూశారా, నా జబ్బు ఎక్కడికీ పోలేదు. ఇది నాతోపాటు సమాధికే" అన్నారు. మేమూ నమ్మాము.

నిజానికి ఆ మంటలో చాలా భాగం బిళ్ళ ఆపినందువల్ల వచ్చిందే. కడుపు గోడలో ఆమ్లాన్ని ఊరించే కణాలున్నాయి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి ఆ పనిని అణచివేస్తాయి. ఆమ్లం తగ్గిందని శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోనును పెంచి, ఇంకా ఊరించమని పురమాయిస్తూనే ఉంటుంది. బిళ్ళ ఆపగానే, తూము తలుపు ఎత్తినట్టు, ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా వస్తుంది. 2009లో డెన్మార్క్ వైద్యులు ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. ఏ కడుపు జబ్బూ లేని 120 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 8 వారాలు ఇలాంటి మందే ఇచ్చి ఆపారు. తర్వాతి 4 వారాల్లో వారిలో నూటికి 44 మందికి మంట, పులితేనుపుల వంటి బాధలు వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి బిళ్ళలు మింగిన గుంపులో నూటికి 15 మందికే.

ఈ సంగతి మాకు చెప్పింది మేము తర్వాత వెళ్ళిన డాక్టరుగారు. నొప్పి బిళ్ళలే లేనప్పుడు తోడు బిళ్ళ దేనికని ఆయన అడిగారు. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 విటమిను, మెగ్నీషియం తగ్గుతాయట. ఆయన చెప్పిన లెక్క ఇది: ఒక నెల 20 మిల్లీగ్రాములది, మరో నెల రోజు విడిచి రోజు, తర్వాత ఆపడం. మధ్యలో మంట వస్తే తెల్లని యాంటాసిడ్ మందు రెండు చెంచాలు. మేము 40 బిళ్ళను కత్తితో సగం చేద్దామనుకున్నాము. వద్దన్నారు. పైపూత పోతే కడుపులోని ఆమ్లమే మందును పాడుచేస్తుంది. 20ది విడిగా దొరుకుతుంది.

రాత్రి భోజనం ఏడింటికే పెట్టాము. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాము. ఎడమవైపు తిరిగి పడుకోమన్నాము. ఇవన్నీ ఒప్పుకున్నారు గాని, రాత్రిపూట ఆవకాయ మానిపించడం మా తరం కాలేదు. చివరికి పగటి భోజనానికి మార్చుకున్నారు. పూర్తిగా ఆపాక మూడు వారాలు అప్పుడప్పుడు మంట వచ్చింది. ఈసారి ఎవరమూ భయపడలేదు.

అందరూ మానవచ్చని మేము చెప్పడం లేదు. లోగడ కడుపులో రక్తస్రావమైనవారు, గుండెకు ఆస్పిరిన్ వాడేవారు, ఇంకా నొప్పి బిళ్ళలు మింగుతున్న పెద్దలు, అన్నవాహిక బాగా పుండైనవారు డాక్టరును అడగకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. మింగుడు పడకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయవద్దు. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పడితే గ్యాస్ అనుకొని సోడా తాగిస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

అమ్మగారు బిళ్ళ మాని రెండేళ్ళయింది. పెళ్ళి విందు తిన్న రాత్రి మాత్రం యాంటాసిడ్ సీసా వెతుక్కుంటారు.