రసాయన చర్యల వర్గీకరణ - మన సీమలోని ఉదాహరణలు

రసాయన చర్యలు ఎన్ని రకాలని తరగతిలో ప్రశ్నిస్తే విద్యార్థులు తడుముకోకుండా పేర్లన్నీ అప్పగిస్తారు. గుడివాడ-మచిలీపట్నం రైలు పట్టాల పక్కన పడివున్న ఇనుపముక్క తుప్పుపట్టడం ఏ రకమని అడిగితే మాత్రం కొందరు సంయోగమనీ, మరికొందరు ఆక్సీకరణమనీ వాదులాడుకొంటారు. నిజానికి ఇరుపక్షాలవారి సమాధానమూ సరియైనదే. ఈ చిక్కు ఎందువల్ల కలుగుతున్నదో మనం ఎరిగిన విషయాల ద్వారానే పరిశీలిద్దాం.

సముద్రతీరాన లభించే గుల్లలను బట్టీలో కాల్చి గుల్ల సున్నం తీయడం పూర్వం నుండి ఉన్న వాడుక. గుల్లలలోని కాల్షియం కార్బొనేటు సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పొడి సున్నంగాను, కార్బన్ డయాక్సైడు వాయువుగాను విడిపోతుంది. ఇది వియోగ చర్య. శుద్ధమైన కార్బొనేటు 100 గ్రాములు కాలిస్తే 56 గ్రాముల సున్నం, 44 గ్రాముల వాయువు వస్తాయి. రెండూ కూడితే మరల 100 గ్రాములే! ఆ సున్నంపై నీరు పోస్తే బుసబుస పొంగి, వేడి పుట్టి, తడి సున్నం అవుతుంది. రెండు పదార్థాలు కలిసి ఒకటైనందున ఇది సంయోగ చర్య.

మచిలీపట్నం పొరుగున పెడనలో కలంకారీ అద్దకానికి కావలసిన నల్లరంగు కోసం తుప్పు ఇనుమును, బెల్లపు నీటిని కలిపి కొన్నాళ్లు పులియబెడతారు. పులిసిన నీటిలో ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఇనుము ఆ ఆమ్లంలోని హైడ్రోజన్‌ను వెడలగొట్టి దాని స్థానాన్ని తాను ఆక్రమిస్తుంది. ఇది స్థానభ్రంశ చర్య. ఈ ఇనుప లవణం కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన బట్టపై పడి, అందలి టానిన్లతో కలిసి నల్లబడుతుంది. గాలి సోకినకొద్దీ ఆ నలుపు చిక్కనవుతుంది.

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమను సముద్రం ముంచెత్తిన సంగతి మనవారెవరూ మరువలేనిది. సముద్రజలం చేరిన చెరువు నీరు త్రాగుటకు పనికిరాదు. నీటిలో ఉప్పు ఉన్నదీ లేనిదీ ప్రయోగశాలలో తెలుసుకోవాలంటే సిల్వర్ నైట్రేటు ద్రావణం కొన్ని చుక్కలు వేస్తాం. ఉప్పులోని క్లోరైడు, వెండి జతగూడి తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. సోడియం, నైట్రేటు ద్రావణంలోనే నిలుస్తాయి. రెండు లవణాలు భాగస్వాములను మార్చుకొన్నందున ఇది ద్వంద్వ వియోగ చర్య.

పై నాలుగు పేర్లూ ఒకే ప్రశ్నకు సమాధానాలు: ఏది దేనితో కలిసింది, ఏది దేనిని విడిచింది? ఆక్సీకరణ, క్షయకరణాలు వేరొక ప్రశ్నకు సమాధానాలు: ఎలక్ట్రాన్లను కోల్పోయినదేది, గ్రహించినదేది? పెడన కుండలో ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోతుంది, హైడ్రోజన్ వాటిని గ్రహిస్తుంది. కనుక ఆ స్థానభ్రంశం ఆక్సీకరణ-క్షయకరణ చర్య కూడా. సున్నం కాలుటలో గాని, తడియుటలో గాని, ఉప్పునీటి పరీక్షలో గాని ఎలక్ట్రాన్ల బదిలీ లేదు. తుప్పులోనో, ఇనుము ఆక్సిజన్‌తోను నీటితోను కలుస్తుంది, ఎలక్ట్రాన్లనూ కోల్పోతుంది. అందువల్లనే దానికి రెండు పేర్లు.

కావున విద్యార్థులు సమీకరణం చూచిన వెంటనే పేరు పెట్టక, ఈ రెండు ప్రశ్నలనూ వరుసగా వేసుకోవాలని మా విన్నపం. పేర్లు మరచినా ప్రశ్నలు గుర్తుంటే, పేర్లు వాటంతట అవే స్ఫురిస్తాయి.