జానకు ఎక్కువ, మూరకు తక్కువ

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, ఎం.పి.సి.)

సావనీరు కమిటీవారు సైన్సు విద్యార్థుల తరపున ఒక వ్యాసం కావాలన్నప్పుడు మా లెక్చరరు గారు నన్ను చూపించారు. సౌరశక్తి గురించో, ఉపగ్రహాల గురించో రాస్తాననుకున్నారు కాబోలు. నేను అమెరికన్ ఫుట్‌బాల్ గురించి రాస్తానంటే కమిటీ కార్యదర్శి ఒక నిమిషం నా ముఖం వంక చూసి, "మనవాళ్ళెవరికయ్యా ఆ ఆట తెలిసేది?" అన్నాడు. నిజమే, మొన్నమొన్నటిదాకా నాకూ తెలియదు. హాస్టల్లో ఒక సీనియరు తన ఫోనులో ఒక పాత ఆట చివరి ఆరు సెకన్లు చూపించాడు. అది నేను పుట్టక ముందు, 2000 జనవరి 30న, అట్లాంటా నగరంలోని జార్జియా డోమ్‌లో జరిగింది. ఆ ఆరు సెకన్లూ నన్ను పట్టుకుని వదల్లేదు. ఎందుకు వదల్లేదో తర్వాత చెబుతాను.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో. పేరుకు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ. బంతి రెండు కొసలా సన్నగా కొబ్బరికాయలా ఉంటుంది. జట్టుకు పదకొండుగురు. మైదానానికి ఆ చివర ఒక గీత, ఈ చివర ఒక గీత, మధ్య దూరం 100 గజాలు. ఎదుటివారి గీత మీదికి బంతిని చేరిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత కర్రల మధ్య నుంచి బంతిని తన్నితే ఇంకొక పాయింటు. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివారిది. బంతి పట్టినవాణ్ణి అవతలివారు పడగొడితే ఆ ప్రయత్నం అక్కడితో సరి.

ఇందులో ఒక తమాషా రూలుంది. మనిషి గీత దాటనక్కర్లేదు, బంతి చేరితే చాలు. గీత మీద నుంచి ఆకాశం దాకా ఒక గాజుగోడ ఉందనుకోండి. బంతి కొస ఆ గోడకు తగిలితే టచ్‌డౌనే. కాని అవతలివాడి పట్టులో ఉండగా మోకాలో మోచెయ్యో నేలకు తగిలిందా, ఆ క్షణాన బంతి ఎక్కడుంటే అక్కడే లెక్క. ఆ తర్వాత దొర్లి గీత మీద పడ్డా లాభం లేదు.

చదువరులకు ఈపాటికి చెడుగుడు గుర్తొచ్చే ఉంటుంది. కూతకు వెళ్ళినవాణ్ణి నలుగురు పట్టుకున్నా, కూత తెగకుండా వేలికొసతో నడిగీత తాకితే ఆ నలుగురూ ఔటే కదా. అందుకే ఆ దృశ్యం చూడగానే నాకిది పరాయి ఆటలా అనిపించలేదు. పైగా ఆ రోజు ఆడిన జట్లలో ఒకదాని పేరు టెన్నెసీ టైటాన్స్. టైటాన్స్ అనగానే మనవాళ్ళకు కబడ్డీలో తెలుగు టైటాన్సే తోస్తుంది గాని, వీళ్ళు వేరు. రెండో జట్టు సెయింట్ లూయిస్ రామ్స్. అది దేశం మొత్తానికి చాంపియన్ ఎవరో తేల్చే ఆట. దాన్ని సూపర్ బౌల్ అంటారు, ఆ వరసలో అది 34వది.

రామ్స్ జట్టులో అందరి కళ్ళూ కర్ట్ వార్నర్ అనే బంతి విసిరేవాడి మీద ఉండేవి. కొన్నేళ్ళ కిందట ఒక సూపర్ బజారులో అలమారల్లో సరుకులు సర్దిన మనిషి అతను. ఆ రోజు మొత్తం 414 గజాల మేర బంతులు అందించి రికార్డు పెట్టాడు. అతని కథ అందరూ రాశారు, నేను వదిలేస్తాను. మూడో పావులో రామ్స్ 16-0తో ముందున్నారు. అక్కణ్ణుంచి టైటాన్స్ ఒక్కొక్క మెట్టే ఎక్కి, ఇంకా రెండు నిమిషాల చిల్లర ఉందనగా 16-16 చేశారు. జనం ఊపిరి తీసుకునేలోపే వార్నర్ విసిరిన బంతిని ఐజాక్ బ్రూస్ అందుకుని మొత్తం 73 గజాల టచ్‌డౌన్ చేశాడు. 23-16. టైటాన్స్‌కు మిగిలింది రెండు నిమిషాలకు తక్కువ కాలం, ఎదుట 88 గజాల నేల.

ఆ నేలను స్టీవ్ మెక్‌నెయిర్ అనే ఆయన ఎలా దున్నుకొచ్చాడో చూసి తీరాలి. చివరి నుంచి రెండో ప్రయత్నంలో ఇద్దరు భారీ మనుషులు అతని చొక్కా పట్టుకుని వెనక్కి గుంజారు. పడిపోయాడనే అనుకుంటాం. చెయ్యి నేలకు ఆనీ ఆనకుండా లేచి, విదిలించుకుని, కెవిన్ డైసన్‌కు 16 గజాల బంతి విసిరాడు. ఇక గీతకు పది గజాలు, గడియారంలో ఆరు సెకన్లు. ఒక్క ప్రయత్నానికే కాలం ఉంది. గీత చేరితే ఆరు పాయింట్లు, తన్నుకు ఒకటి, 23-23, ఆపైన అదనపు సమయం. సూపర్ బౌల్ చరిత్రలో అప్పటికి ఒక్క ఆటా అదనపు సమయానికి పోలేదు. ఆ ముచ్చట తీరడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది.

టైటాన్స్ వేసిన ఎత్తు ఇది. కుడివైపు నుంచి ఫ్రాంక్ వైచెక్ అనేవాడు తిన్నగా గీత వైపు పరుగెత్తాలి. అతన్ని కాయవలసిన రామ్స్ ఆటగాడు అతని వెంట పోతాడు. అలా ఖాళీ అయిన చోటులోకి డైసన్ ఏటవాలుగా లోపలికి దూరి బంతి అందుకోవాలి. పొలానికి నీళ్ళు పెట్టేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఒక మడవ మూస్తే నీరు ఇంకో మడవ వెతుక్కుంటుంది. ఈ వైచెక్, డైసన్ కొత్తవాళ్ళు కారు. మూడు వారాల కిందట, జనవరి 8న బఫెలో జట్టుతో ఆడిన ఆటలో ఇంకా 16 సెకన్లే ఉండగా, వైచెక్ మైదానానికి అడ్డంగా విసిరిన బంతిని అందుకుని డైసన్ 75 గజాలు పరుగెత్తి ఓడిపోయే ఆటను గెలిపించాడు. ఆ ఇద్దరికే మళ్ళీ పని పడింది.

వైచెక్‌ను కాస్తున్నవాడు మైక్ జోన్స్, 52వ నంబరు. కాలేజీలో ఉన్నప్పుడు బంతి పట్టుకుని పరుగెత్తేవాడట. 1991లో పెద్ద జట్లు కొత్త కుర్రాళ్ళను వరసగా ఏరుకున్నప్పుడు ఇతన్ని ఎవరూ ఏరుకోలేదు. తర్వాత ఒక జట్టు చేర్చుకుని, పరుగు మాన్పించి, పరుగెత్తేవాళ్ళను ఆపే పనిలో పెట్టింది. డైసన్ అలాక్కాదు, 1998లో అదే ఏరివేతలో 16వ వాడుగా పోయిన మేలిరకం.

జోన్స్ ఎత్తుకు మోసపోయి వైచెక్ వెంట పోయాడు. పోవలసిందే, అది అతని డ్యూటీ. కాని పోతూ పోతూ ఒక్కసారి తల తిప్పి వెనక్కి చూశాడు. నేను ఆ తునకను నలభైసార్లయినా చూసి ఉంటాను, నాకు కనిపించేది అదొక్కటే. అప్పటికే డైసన్ చేతిలో బంతి పడుతోంది. జోన్స్ కాలు తన్ని పెట్టి, ఒళ్ళు తిప్పి, గీతకు రెండున్నర గజాల దగ్గర డైసన్ కాళ్ళను చుట్టేశాడు. డైసన్ పడుతూ బంతి ఉన్న కుడిచెయ్యి చాచాడు. చెయ్యి నేల మీద ఆగింది. గీతకు ఇంకా ఒక అడుగుకు అటూఇటూగా ఉంది. మన కొలతలో జానకు ఎక్కువ, మూరకు తక్కువ. గడియారంలో సున్నాలు పడ్డాయి.

ఇక నా సబ్జెక్టుకు వస్తాను, లేకపోతే మా లెక్చరరు గారు ఊరుకోరు. 90 కిలోల మనిషి సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్నాడనుకుందాం. రెండున్నర గజాలంటే రెండు మీటర్ల పైచిల్లర, దాన్ని దాటడానికి అతనికి సుమారు 0.4 సెకను చాలు. రెండు మీటర్లలో అతన్ని పూర్తిగా నిలబెట్టాలంటే 810 న్యూటన్ల బలం, అంటే ఇంచుమించు అతని బరువంత బలం, ఎదురుగా పనిచెయ్యాలి. జోన్స్ ఎదురుగా లేడు, పక్కనున్నాడు. పక్కనుంచి భుజం మీద గుద్దితే మనిషి పక్కకు ఒరుగుతాడు గాని, ముందుకు పోయే ద్రవ్యవేగం అలాగే ఉంటుంది. దొర్లుకుంటూ వెళ్ళి గీత మీద పడతాడు.

కాళ్ళు పట్టుకుంటే కథ వేరు. పాదాలు ఆగిపోతాయి, గరిమనాభి ఆగదు. మనిషి పాతిన గుంజ విరిగినట్లు ముందుకు కూలుతాడు. అప్పుడు అతను ఎంత దూరం పోతాడన్నది వేగం కంటే అతని పొడవు మీద ఆధారపడుతుంది. ఇక్కడే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. రెండున్నర గజాలంటే ఏడున్నర అడుగులు. ఆరడుగుల పైన ఉన్న మనిషి చెయ్యి చాచి తిన్నగా బోర్లా పడితే కాలి నుంచి వేలికొస దాకా దాదాపు అంతే! అంటే లెక్క సరిగ్గా గీత దగ్గరకే వచ్చి ఆగుతోంది. తిన్నగా పడి ఉంటే ఏమయ్యేదో. డైసన్ తిన్నగా పడలేదు. కాళ్ళు బిగిసి ఒళ్ళు మెలి తిరిగింది, మోకాళ్ళు మడతపడ్డాయి. ఆ మెలికలో పోయిన అడుగే ఈ అడుగు. (నేను వేసినవి ఉజ్జాయింపు అంకెలేనని మనవి. ఫిజిక్సు లెక్చరర్లు ఎర్రసిరాతో దిద్దకుండా ఉందురు గాక.)

ఇప్పుడు ఎందుకు వదల్లేదో చెబుతాను. ఇంటర్ రెండో ఏడు మా జట్టు ఒక కబడ్డీ పోటీ ఫైనలు దాకా వెళ్ళింది. చివరి కూత. ఒక్క పాయింటు మాకే ఎక్కువ. వచ్చినవాడు నన్ను తాకి వెనక్కి తిరిగాడు. నేను వెనకనుంచి నడుం పట్టాను. గట్టిగానే పట్టాను. వాడు నన్ను మూటలా ఈడ్చుకుంటూ పోయి నడిగీత మీద రెండు వేళ్ళు పెట్టాడు. నా వెనకే మరొకడు వాడి మీద పడ్డాడు, వాడూ ఔటే. ఆట పోయింది. "పట్టినోడు పట్టినట్టే వదిలేశాడ్రా" అని బస్సులో ఎవరో అన్నారు. నేను వదల్లేదు. కాని ఆ మాట ఎవరికి చెప్పను?

మర్నాడు చేలో మా నాన్న ఆ సంగతి ఎత్తలేదు. కట్టు తెంపుకున్న కోడెదూడ గట్టు మీద పరుగెడుతుంటే నేను మెడ పట్టుకోబోయాను. "మెడ పడితే నిన్నే ఈడ్చుకుపోద్ది, కాలు చూడరా కాలు" అన్నాడు. దూడ గురించే అన్నాడో, మరి దేని గురించి అన్నాడో.

జోన్స్ పట్టుకు అమెరికాలో రెండు పేర్లున్నాయి. గెలిచినవాళ్ళు దాన్ని "ఆ పట్టు" అంటారు, ఇంకేమీ చెప్పక్కర్లేదన్నట్లు. రెండో పేరు "ఒక్క గజం తక్కువ". చేసినవాడు కనిపించేది మొదటి పేరులో, చెయ్యలేకపోయినవాడు కనిపించేది రెండోదాంట్లో. నాకు రెండో పేరు నచ్చదు. డైసన్ ఏం తక్కువ చేశాడు? బంతి జారనివ్వలేదు, అడుగు తప్పలేదు, పడుతూ కూడా చెయ్యి చాచడం మానలేదు. అవతల ఒకడు తల తిప్పి చూశాడు, అంతే. ఎవరైనా "ఫలానావాడు పోగొట్టాడు" అనేముందు అవతలివాడు ఏంచేశాడో కూడా చూడొద్దా?

మెక్‌నెయిర్ 2009లో పోయాడు, వైచెక్ 2023లో. రామ్స్ జట్టే సెయింట్ లూయిస్‌ను వదిలి 2016లో లాస్ ఏంజిలిస్ వెళ్ళిపోయింది. ఆట మానేశాక జోన్స్ పిల్లలకు ఆ ఆటే నేర్పే కోచ్ అయ్యాడు.

సంక్రాంతి సెలవుల్లో ఆ తునకను మా నాన్నకు చూపించాను. అరుగు మీద కూర్చుని ఫోను దూరంగా పట్టుకుని రెండుసార్లు చూశాడు. రూల్సేమీ అడగలేదు. "కాలు పట్టాడు" అన్నాడు. కాసేపాగి, "మరి ఆ పడ్డోడు తర్వాత ఏమయ్యాడు?" అన్నాడు. పెద్ద చదువు చదువుకుని స్కూలు ప్రిన్సిపాలు అయ్యాడని చెప్పాను. "అయితే బాగానే ఉన్నాడన్నమాట" అని ఫోను నా చేతికిచ్చి, పార భుజాన వేసుకుని నీళ్ళు చూసొస్తానని వెళ్ళాడు.